హౌ దెషాన్ తల్లి పక్కన తవ్విన గొయ్యి

చైనాలోని షాన్‌షీలో వానలు మొహం చాటేసిన ఏడాది, జొన్నలు పులియబెట్టి వెనిగర్ తీసి బతికే హౌ దెషాన్ వాళ్ల అమ్మ ఆకలితో పోయింది. కొడుకు పెట్టిన తౌడు రొట్టె నమిలినట్టే నటించి, అతను అటు తిరగ్గానే అతని గిన్నెలో పడేసేది. అతనికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

అప్పటికే దెషాన్ కొన్నేళ్లుగా కొండ మీది తావో గురువు లియన్ దగ్గర సాధన చేస్తున్నాడు. ఊపిరిని బొడ్డు కింద నిలిపి, ఒంటినే కుంపటి చేసి, చావులేని గుళికను లోపలే పండించుకునే విద్య అది. గురువు గుడిలో తావో మూలగురువు లావోజీ, కన్ఫ్యూషియస్, బుద్ధుడు ఒకే పీట మీద ఉండేవారు. "ముగ్గురి మాటా ఒకటే," అనేవాడు గురువు. దెషాన్ తలూపేవాడు.

జనం శవాలను తవ్వుకు తింటున్నారని తెలిశాక, అతను పార పట్టుకుని తల్లి సమాధి దగ్గరే బాసింపట్టు వేశాడు.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి పాకుతూ వచ్చి ఆ మట్టి గీకసాగింది. దెషాన్ పార ఎత్తాడు.

"అక్కడున్నది మా అమ్మ!"

"నా పిల్లలందరూ పోయారు నాయనా. ఇంక నాకు సిగ్గేమిటి?" అందామె తలెత్తకుండా. "కొట్టేదుంటే గట్టిగా కొట్టు."

దెషాన్ చేయి దానంతటదే దిగింది. చొక్కా లోపల దాచుకున్న, చెట్టు బెరడు దంచి చేసిన రొట్టె తీసి ఆమె నోటికి అందించాడు. ఆమెకు అది మింగుడుపడలేదు. కాసేపటికే ప్రాణం పోయింది.

అతను తల్లి పక్కనే గొయ్యి తవ్వుతుంటే వంశపెద్ద హౌ చోంగ్‌లి కర్ర ఊతంతో వచ్చాడు.

"మతి పోయిందట్రా? ముక్కూమొహం తెలియనిదాన్ని మన తాతల నేలలో పెడతావా?"

"బయట వదిలితే తినేస్తారు పెదనాన్నా."

"తింటే తిననీ! పెద్ద బుద్ధుడు బయల్దేరాడు. మీ అమ్మకైనా మర్యాద లేదట్రా?"

"అమ్మ బతికుంటే తనే జరిగి చోటిచ్చేది."

ముసలాయనకు ఆపే ఓపిక లేదు. ఉమ్మేసి వెళ్లిపోయాడు.

మర్నాడు దెషాన్ కొండెక్కాడు. ఆకలికి కాళ్లు వాచి పడుకున్న గురువుకు జరిగిందంతా చెప్పాడు.

"తప్పు చేశానా స్వామీ?"

"పార దించినప్పుడు ఆ ముగ్గురిలో ఎవరు గుర్తొచ్చార్రా?"

"ఎవరూ రాలేదు."

"అంతకంటే ఎక్కువ నాకూ తెలీదు," అని గురువు కళ్లు మూసుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు. ఆయన చావులేని సిద్ధి పొంది, ఒళ్లు గాలిలా తేలికైపోయిందని ఊళ్లో చెప్పుకున్నారు. శవాన్ని ఒక్కడే భుజాన వేసుకుని కొండ దించిన దెషాన్‌కు, ఆకలి మనిషిని ఎంత తేలిక చేస్తుందో తెలిసింది.

వానలు పడ్డాక మళ్లీ వెనిగర్‌కు జొన్నలు నానబోశాడు. సాధనకు మాత్రం ఇంకెప్పుడూ కూర్చోలేదు.