మా మామ్మ కొలిచిన బూట్లు

నా చిన్నప్పుడు మా ఊరు యారాడ దాటి బయటికి వెళ్ళాలంటే కొండైనా ఎక్కాలి, పడవైనా ఎక్కాలి. మూడు వైపులా కొండ, నాలుగో వైపు సముద్రం. సెలవు రోజుల్లో వచ్చే పట్నం వాళ్ళు ఆ చోటు చూసి మురిసిపోయేవారు. పదమూడేళ్ళ నాకు మాత్రం అది మూత పెట్టిన గిన్నెలా ఉండేది. సముద్రం దారి మగవాళ్ళది. కొండ దారి నాది, అదీ అవతలి హైస్కూలుకు వెళ్ళినన్నాళ్ళే.

బెల్లు కొట్టాక వస్తే బయట నిలబెట్టేవారు కనుక కొండ దిగేటప్పుడు రోజూ పరుగే. అలా ఎవరూ నేర్పకుండానే నాకు పరుగు వచ్చింది. బడి పక్క వీధిలో రెండు గదుల గ్రంథాలయం ఉండేది. సాయంత్రం అరగంట అక్కడ కూర్చుని చేతికి దొరికిందల్లా చదివేదాన్ని. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషిని నేనే, ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది. మనిషి పాదంలో ఇరవై ఆరు ఎముకలుంటాయని చదివొచ్చి, అన్నం తింటున్న మా అయ్యకు చెప్పాను.

"సేపకెన్నుంటాయో సదివేవేటే?" అన్నాడు మా అయ్య, ముల్లు తీస్తూ.

ఆ ఏడాది పరీక్షలవగానే నా చదువు మాన్పించాలని ఆయన నిశ్చయించుకున్నాడు. హార్బరు దగ్గర రొయ్యలు వొలిచే షెడ్డులో మా అత్త పనిచేసేది. నన్నూ అక్కడ పెట్టడానికి మాట్లాడేశాడు. ఐసు నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడిన అత్త వేళ్ళు నేను చూశాను. ఆ వేళ్ళే రేపు నావి అనుకుని నా వేళ్ళు పిడికిట్లో మూసుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా డ్రిల్లు మాస్టారు ఒక కబురు చెప్పారు. పట్నంలో ఆటలాడే ఆడపిల్లలకు ఒక హాస్టలు ఉందట, అందులో మూడు సీట్లు ఖాళీ అట. వచ్చే ఆదివారం పరుగు పోటీ. మొదటి ముగ్గురిలో ఉంటే తిండి, బట్ట, పదో తరగతి దాకా చదువు వాళ్ళే చూసుకుంటారు. అయితే మైదానం అంతా బొగ్గు నుసి పరిచి ఉంటుంది కనుక బూట్లు లేకుండా దిగనివ్వరు.

"సీటొత్తే ఎల్లు. రాపోతే సోమవారం షెడ్డుకి" అన్నాడు మా అయ్య. కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పడానికి కూడా చోటు లేకపోయింది.

బూట్లకు డబ్బు మా మామ్మ ఇచ్చింది. మామ్మ అంటే మా అయ్యను కన్న తల్లి. ఎండుచేపలు అమ్మి కొంగున ముడి వేసుకున్న డబ్బు. ఒక్క జతకు వస్తుంది. అది తప్పితే రెండో జతకు దారి లేదు.

నేను ముందే లెక్క సిద్ధం చేసుకుని వెళ్ళాను. గ్రంథాలయంలో ఒక ఆటల పత్రికలో పాదం పొడవుకు బూటు నంబరు ఎంతో చెప్పే పట్టిక ఉంటే రాసుకొచ్చాను. తెల్లారి లేవగానే బడి స్కేలుతో మడమ నుంచి బొటనవేలి దాకా కొలుచుకున్నాను. పట్నంలో మామ్మతో బూట్ల కొట్లోకి వెళ్ళగానే నంబరు చెప్పాను, డాక్టరు మందు పేరు చెప్పినంత ధీమాగా. కొట్టతను ఆ నంబరులో రెండు జతలు తెచ్చాడు. ఒకటి గోధుమరంగు గుడ్డ బూట్లు, మగపిల్లలవి, వెడల్పుగా, పడవల్లా ఉన్నాయి. రెండోది తెల్లగా, నీలం గీతతో, ముందువైపు సన్నగా ఉంది.

మా వాళ్ళ పాదాలు ఇసుకలో నడిచి నడిచి ముందువైపు విసనకర్రలా విచ్చుకుంటాయి. బడిలో ఆడపిల్లలు బల్ల కిందికి వంగి నా కాళ్ళు చూసి నవ్వుకునేవారు. ఆ తెల్ల బూట్లు తొడుక్కోగానే ఆ విసనకర్ర మాయమైంది. మొదటిసారి నా కాలు పట్నం పిల్ల కాలులా కనిపించింది. లోపల చిటికెనవేలు విలవిల్లాడుతూనే ఉంది. బాగున్నాయన్నాను.

మామ్మ నా కాళ్ళు చూడలేదు. ముఖం చూసింది. తరువాత కొట్టతని వైపు తిరిగి, "ఒకేల సరిపోపోతే మార్సుతావా బాబూ?" అంది.

"మట్టంటకుండా తెత్తే రేపటేలకి మారుత్తానమ్మా. మట్టంటిందా, ఇంక నీవే."

ఇంటికొచ్చి చాప మీద ఆ బూట్లతో నడిచి చూశాను. పది అడుగులు వేసేసరికి వేళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. కూర్చున్నాను. మామ్మకు చెప్పాలంటే నా పట్టిక తప్పని ఒప్పుకోవాలి, అందం కోసం మామ్మ కొంగు ముడి ఖాళీ చేశానని ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఆదివారం వస్తుంది, దాని వెనకే సోమవారం. కొండ, సముద్రం చాలవన్నట్టు ఆ బూట్లు కూడా నన్ను చుట్టుముట్టాయి.

సాయంత్రం పడవలొచ్చే వేళకు మామ్మ రోజూ ఒడ్డుకు వెళ్ళేది. అక్కడ ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఇసుక మీద అడుగులు చూసి అటు ఎవరు వెళ్ళారో చెప్పేది. నిండు తట్ట మోసిన వాళ్ళ మడమ లోతుగా దిగుతుంది. సరుకు అమ్ముడుపోక అలసి తిరిగొచ్చిన వాళ్ళ వేళ్ళు ఈడ్చుకుంటాయి. ఏ ఇంటి ఆడమనిషి బేరం ఎలా సాగిందో వాళ్ళు నోరు విప్పకముందే మా మామ్మకు తెలిసేది. ఆ రోజు నన్ను కూడా రమ్మంది. బూట్లు పాత పేపరులో చుట్టి తెమ్మంది.

అలలు వెనక్కి వెళ్ళిన తడి ఇసుక మీద నన్ను నిలబెట్టి పక్కకు రమ్మంది. నా పాదం ముద్ర పడింది. తెల్ల బూటును ఇసుక తగలకుండా ఆ ముద్రకు కాస్త పైన పట్టుకుంది. బూటుకు అటు బొటనవేలు, ఇటు చిటికెనవేలు, రెండు వైపులా ముద్ర బయటికి పొంగి ఉంది.

"సూడే గుంటా. పడవ సిన్నది, జనం ఎక్కువ. ముంచేత్తాది."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే ఏడుపొచ్చింది. ముందే తెలుసా అని అడిగాను.

"నీ మొకం సూత్తే తెలీదేటి?"

"మరి కొట్లోనే ఎందుకు సెప్పలేదు మామ్మా?"

"అందరి ముందూ నీ కాలు ఎడల్పని సెప్తే నువ్వు వినేదానివేటి? అందుకే మార్సుతాడో నేదో అడిగి ఊరుకున్నాను."

ఆ తరువాత నన్ను ఒడ్డు వెంట పరిగెత్తించింది. తిరిగొచ్చేసరికి వంగి నా అడుగులు చూస్తోంది. మడమ ముద్రలు దాదాపు లేవు. వేళ్ళ మొదళ్ళ దగ్గర మాత్రం ఇసుక లోతుగా తవ్వుకుపోయింది. "నీ పరుగంతా ఈడుంది. ఈడ నొక్కేత్తే ఏటి పరిగెడతావు?" అంది.

ఇంటికొచ్చాక పేపరు మీద నన్ను నిలబెట్టి పొయ్యిలోని బొగ్గుతో పాదం చుట్టూ గీసింది. పొద్దున్నే కొలుచుకున్నాను కదా అన్నాను.

"పొద్దున్న కాలు నిద్దర్లోంచి లేసిన కాలు. పరిగెట్టేది ఆ కాలు కాదు. రోజల్లా తిరిగేక పొంగుతాది, అప్పుడు కొలాల."

చివర బొటనవేలి ముందు తన వేలు అడ్డంగా పెట్టి, ఆ వేలి మేర వదిలి ఇంకో గీత గీసింది. పరుగులో కాలు ముందుకు జారుతుందని, జాగా లేకపోతే గోరు చచ్చిపోతుందని చెప్పింది. జన్మలో ఎప్పుడూ బూటు తొడగని మనిషి.

మర్నాడు కొట్లో ఆ పేపరు బల్ల మీద పరిచేసరికి కొట్టతను నవ్వాడు. "ఏటమ్మా, బూట్లు కొనడానికొచ్చేవా, పాదపూజ సేయించడానికా?"

"సేప కొన్నప్పుడు మొప్ప ఎత్తి సూడవేటి బాబూ? ఇదీ అంతే."

గోధుమరంగు బూట్లలోనే ఒక నంబరు పెద్దది తెప్పించి బొగ్గు గీత మీద పెట్టింది. గీత లోపలే ఒదిగింది. చేత్తో వంచి చూసింది. తెల్ల బూటు నడుమ దగ్గర మడతపడింది, ఇది వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగింది. లోపల చెయ్యి పెట్టి కుట్లు ఎక్కడైనా గుచ్చుకుంటాయేమో తడిమింది. మడమ దగ్గర గట్టిగా నొక్కి చూసింది. అవి మగపిల్లల బూట్లని కొట్టతను గుర్తుచేస్తే, "మగపిల్లల కాలు నొప్పెట్టకపోతే దీని కాలూ నొప్పెట్టదు" అంది. అవి తెల్లవాటికంటే చవక. మిగిలిన డబ్బుకు మందమైన మేజోళ్ళు వచ్చాయి. అవి తొడిగి మళ్ళీ చూస్తేగాని కదలలేదు.

ఆదివారం రెండు చుట్ల పరుగులో నేను నాలుగోదాన్ని అయ్యాను. కాళ్ళు ఎక్కడా బాధ పెట్టలేదు. ముగ్గురు నాకంటే బాగా పరిగెత్తారు, అంతే. బూట్లు చేయగలిగింది బూట్లు చేశాయి.

సోమవారం షెడ్డుకు వెళ్ళాను. తడి సిమెంటు నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రొయ్యల తలలు తీయడం. పక్కనున్నవాళ్ళ భుజం తగలకుండా చెయ్యి కదిపే చోటు కూడా ఉండేది కాదు. వారం తిరిగేసరికి నా వేళ్ళూ అత్త వేళ్ళలాగే అయ్యాయి. ఉత్తినే పడున్న ఆ బూట్లు ఎవరికైనా అమ్మేద్దామన్నాడు మా అయ్య.

"ఆటిల్లో ఇంకా ఏలెడు జాగా ఉంది. అది నిండినదాకా ఎవులూ ముట్టకండి" అంది మామ్మ. ప్రతి ఆదివారం నాకు ఆ బూట్లు తొడిగించేది. ముందువైపు బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకా ఉంది" అనేది. ఒడ్డు చివరిదాకా పరిగెత్తి రమ్మనేది. నాకు విసుగొచ్చేది. ఎందుకు, ఎక్కడికి అని అడగాలనిపించేది. పరిగెత్తి వచ్చేదాన్ని.

నాలుగో ఆదివారం డ్రిల్లు మాస్టారు కొండ దిగి మా ఇంటికొచ్చారు. సీటు వచ్చిన ముగ్గురిలో ఒకమ్మాయి ఇంటి మీద బెంగతో వెళ్ళిపోయిందట. తరువాతి పేరు నాది. పిల్ల ఇంకా పరిగెడుతోందా అని అడిగారు. మా అయ్య ఏదో అనబోయేలోగా మామ్మ లోపలికి వెళ్ళి ఆ బూట్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. అడుగుకు అంటిన ఇసుక ఇంకా తడిగానే ఉంది. మా అయ్య ఆ ఇసుక వేలితో తాకి చూసి, "ఎల్లు" అన్నాడు.

మర్నాడు కొండ ఎక్కాను, ఆ బూట్లతోనే.

నేను పెద్ద పరుగుల రాణిని కాలేదు. డ్రిల్లు టీచరునయ్యాను, పదవీ విరమణ కూడా చేశాను. ఉద్యోగం కొత్తలో పట్నంలోని పెద్ద గ్రంథాలయంలో ఒక పుస్తకం చదువుతుంటే, పాదాన్ని సాయంత్రం పూట కొలవాలని, వేళ్ళ ముందు వేలెడు చోటు వదలాలని కనిపించింది. ఆ పేజీ మీద వేలు పెట్టి ఆ మాటలు మళ్ళీ చదివాను. చదివి వినిపిద్దామంటే మామ్మ అప్పటికే లేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో బూట్లు చూపిస్తే, ముందు పేపరు మీద నిలబడమంటాను, అదీ సాయంత్రం. నవ్వుతూనే నిలబడుతుంది.

ఇరుకు రోజులు నాకు ఆ తరువాత కూడా చాలానే వచ్చాయి. ఎటూ తోచక ఊపిరాడనట్టు ఉన్నప్పుడల్లా, కాళ్ళకు ఏమున్నా సరే, బొటనవేలు మెల్లగా ముందుకు జరిపి చూస్తాను. "ఇంకా ఉంది" అంటుంది మా మామ్మ.