చింతగింజ కింద ఖాళీ

వంటింట్లో కోడలు చింతగింజలు వేయిస్తోంది. ఆ మాడువాసన తగలగానే యేసురత్నం సారు గుర్తొచ్చారు. పక్కన మనవరాలు ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. రెండు వాక్యాల మధ్య ఖాళీలో ‘దేర్‌ఫోర్’ పెట్టాలో ‘హౌఎవర్’ పెట్టాలో తేల్చుకోలేక పెన్సిలు కొరుకుతోంది.

ఇబ్రహీంపట్నంలో నన్ను మెట్రిక్ పరీక్షకు తయారుచేసింది ఆయనే. ఇలాంటి ఖాళీల్లో నేనూ, కింద ఇచ్చిన మాటల్లోంచి గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో ఒకటి రాసేవాణ్ని. సారు ఆ మాటల మీద వేయించిన చింతగింజలు పరిచి కప్పేసేవారు. “ముందుగాల అవి చూడకురా. ఈ వాక్యం ఆ వాక్యానికి ఏమైతది? చుట్టమా, పగోడా? గది తెలిస్తే మాట అదే వస్తది,” అనేవారు. సరిగ్గా చెబితే గింజ నాది. ఇంగ్లీషు కన్నా గింజల మీదే నాకు ధ్యాస ఎక్కువ.

సారు ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గడపలోకి ఎవరొచ్చినా అన్నం తిన్నాకే పేరు అడగాలి. దొరల మీద, నైజాం సర్కారు మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని రజాకార్లు వచ్చి ఆయన్ను చావబాదారు. “పేరు అడగలే. ఆకలన్నరు, పెట్టిన,” అన్నారు సారు.

పోలీసు చర్యతో నైజాం రాజ్యం పోయింది. ఊరంతా సంబరం. “ఇగ ఫికర్ లేదు సారూ,” అన్నాను. “జర ఆగు. ముందు చదువు,” అని నవ్వారు. సంఘం వాళ్లు కొత్త సర్కారుకూ లొంగలేదు. కొన్నాళ్లకే ఆ సర్కారు పోలీసులు వచ్చారు. సంఘం వాళ్లకు అన్నం పెట్టావా అని వాళ్లూ అదే అడిగారు. ఆయనా అదే చెప్పారు. జీపు ఎక్కిస్తుంటే నా వైపు తిరిగి, “పరీక్షకు పోవుడు మానకురా,” అన్నారు. రజాకార్లను తరిమినవాళ్లు మావాళ్లే అనుకున్నాను. మరి మావాళ్లు సారును ఎందుకు తీసుకుపోతున్నారో నా బుర్రకెక్కలేదు.

పరీక్ష రాశాను, ఖాళీలన్నీ నింపాను, పాసయ్యాను. ఆ మాట చెప్పడానికి సారు లేరు. జైల్లో జ్వరంతో పోయారని ఒకరు, అసలు జైలుదాకా చేరనే లేదని ఇంకొకరు. ఎవరిని నమ్మాలో తెలియక ఆయన గడప మీద కూర్చుని ఏడ్చాను.

“తాతా, ఏది పెట్టాలె?” అంది మనవరాలు. వేడి గింజలు తెచ్చి ఆ మాటల మీద పరిచాను. “ముందు ఈ రెండూ ఒకదానికొకటి ఏమైతయో చెప్పు,” అన్నాను. కాసేపు ఆలోచించి సరిగ్గానే చెప్పింది. గింజ తీసి నోట్లో వేసుకుంది.

నా దగ్గరా రెండు వాక్యాలున్నాయి. ఆకలన్నవాళ్లకు సారు అన్నం పెట్టారు. సారును పట్టుకుపోయారు. వాటి మధ్య ఏ మాట పెట్టాలో తేలక, గింజ మాత్రం ఇన్నేళ్లయినా తీయలేకపోయాను.