ఛీ మేడమ్ ఇంట్లో పటం

ఫొటో ల్యాబులో అందరూ ఆవిడని ఛీ మేడమ్ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని మొదటి ఫొటో తెరిచిందంటే ఆవిడ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. పెళ్ళికూతురి మొహానికి సున్నం కొట్టినట్టుంటే ఒక ఛీ. గడ్డి చిలకపచ్చగా మెరిసిపోతుంటే ఇంకో ఛీ. చంటిపిల్లాడి బుగ్గలకి టమాటా రంగు పులిమి పంపిన ఫొటోగ్రాఫరుకి మాత్రం రెండు ఛీలు, ఫోన్లో నాలుగు చీవాట్లు.

ఆవిడ పని రంగులు సరిచూడటం. ఊళ్ళో ఫొటోగ్రాఫర్లు పంపే ఫొటోలు కాగితం మీదకి ఎక్కేముందు ఆవిడ కళ్ళ ముందునుంచే వెళ్ళాలి. ఆవిడ గది గోడలు బూడిదరంగు, కర్టెను బూడిదరంగు, వేసుకునే కోటు కూడా బూడిదరంగే. ఎర్రబట్టలు కట్టుకుని కూర్చుంటే ఆ ఎరుపు స్క్రీను మీద పడి కళ్ళని మోసం చేస్తుందంటుంది. ఓసారి ఓనరు ముచ్చటపడి ఆ గదికి నారింజరంగు వేయిస్తానంటే, "ముందు నన్ను పంపించేసి తర్వాత వేయించుకోండి సార్" అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

"కొంచెం తెల్లగా చెయ్యండి మేడమ్" అని అడగనివాడు పాపాత్ముడు. అడిగి అడిగి వాళ్ళకి సిగ్గు పోయింది, విని విని ఈవిడకి ఒళ్ళు మండిపోయింది. "మనిషికి దేవుడు వేసిన రంగు మీకు నచ్చకపోతే ఆయన్నే అడగండి, నాకెందుకు చెప్తారు?" అని కసురుకుంటుంది. కసురుకుంటూనే చెయ్యాల్సి వచ్చినప్పుడు చేస్తుంది. ఉద్యోగం మరి. చేసిన రోజు అన్నం సయించదు.

అన్నిటికన్నా ఆవిడకి అసహ్యం చీటీ పోయిన ఫొటోలంటే. ఫొటోలో రంగులన్నీ అంకెలుగా ఉంటాయి. ఆ అంకెలు ఏ కొలతవో చెప్పే చీటీ ఒకటి ఫొటోలోనే దాగి ఉంటుంది, దాన్ని ప్రొఫైల్ అంటారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ ఇలా చెప్తుంది: "ఉప్పు రెండు చెంచాలు అని మీ అమ్మ రాసిచ్చింది. ఆవిడ చెంచా పెద్దది. నువ్వు చిన్న చెంచాతో రెండు వేశావు. కూర ఏమవుతుంది? చప్పగా ఏడుస్తుంది. ఇదీ అంతే. పెద్ద కొలతలో తీసిన ఫొటోకి చీటీ ఊడిపోయిందనుకో, మిషను దాన్ని చిన్న కొలత అనుకుని అచ్చేస్తుంది. ఎరుపు పాలిపోతుంది, ఆకులకి బూజు పట్టినట్టుంటుంది, మనిషి జ్వరపడి లేచినట్టుంటాడు. ఛీ!"

ఇంత నోరున్న మనిషి ఇంటి గడప దాటగానే మూగదైపోయేది. ఎందుకంటే ఆ ఇంట్లో, హాల్లో గోడ మీద, సరిగ్గా అలాంటి ఫొటోయే నిలువెత్తు ఫ్రేములో వేలాడుతోంది. అది ఆవిడ భర్త మొదటి భార్యది.

కూతురు చంకలో ఉండగానే ఆమె జబ్బుచేసి పోయింది. తర్వాత ఈవిడ ఆ ఇంటికి వచ్చింది. పెద్దామెని ఈవిడ ఎప్పుడూ చూడలేదు, ఆ పటమే చూసింది. గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డ మనిషి, లేత గులాబీరంగు స్వెటర్, పాలలాంటి మొహం. కాపురానికి వచ్చిన రోజే పటం వంక చూసి, ఛీ అనబోయి నాలుక కరుచుకుంది. వెనకాల గోడ నీలంగా వణుకుతోంది, ఆకులకి బూజు పట్టింది. రంగు చచ్చిన ఫొటోకి ప్రాణం పోద్దామని ఎవడో షాపువాడు వెలుతురు కూడా దట్టించాడు. అంతా తెలుస్తూనే ఉంది. కానీ రెండో భార్య మొదటి భార్య ఫొటోకి వంక పెడితే కొంపలంటుకోవూ? "సవతి పటాన్ని కూడా ఓర్వలేకపోయింది" అనరూ? అందుకే ఏళ్ళ తరబడి రోజూ దాని కింద కూర్చుని భోంచేస్తూ, ఛీని అన్నంతోపాటు మింగేసేది.

అత్తగారు మాత్రం నోరు కట్టుకునే రకం కాదు. "నా పెద్దకోడలు పాలమీగడ! చీకట్లో నిలబడ్డా వెలుగొచ్చేది" అనేది. తర్వాత చూపు మనవరాలి మీదకి తిప్పేది. "దీనికి ఎవరి పోలిక వచ్చిందో! అమ్మ చూస్తే అలా, ఇది చూస్తే ఇలా. నేరేడుపండులా తయారైంది." చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా? ఆ పిల్ల ఊహ తెలిసినప్పటినుంచీ విన్నది ఈ పాటే. వింటూ నవ్వేసేది. నవ్వేస్తోంది కదా అని అందరూ ఊరుకున్నారు.

ఆ చలికాలం ఓ ఆదివారం పిల్ల గది తలుపు తియ్యలేదు. ఈవిడ తోసుకుని వెళ్ళి చూస్తే ఏముంది! బుగ్గలు రెండూ ఎర్రగా కమిలి, పొరలు పొరలుగా లేచిపోతున్నాయి. మంచం కింద చేతికి అందినన్ని క్రీము డబ్బాలు. ఒకదాని మూత తియ్యగానే బ్లీచింగు వాసన గుప్పుమంది.

"ఏమిటే ఇది? ఎవరు రాసుకోమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు పిన్నీ. అమ్మలా అవుదామని" అంది పిల్ల. ఉప్పునీళ్ళు బుగ్గల మీద పడి మండుతుంటే ఏడవడానికి కూడా భయపడుతోంది. "కాలేజీలో నా స్నేహితురాలు ఇంటికొచ్చి పటం చూసి, మీ సొంత అమ్మేనా అంది."

ఈవిడ ఆ డబ్బాలన్నీ చెత్తబుట్టలో పడేసింది. పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకొన్నాళ్ళు రాసుంటే మచ్చలు జన్మలో పోయేవి కావని ఆయన కేకలేశాడు. ఇంటికొచ్చి, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్తని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ పటం ఫొటో ఎవరు తీశారు?"

"నేనే" అన్నాడాయన. "కెమెరా కొన్న కొత్త. పుస్తకం చూసి ఉన్న సెట్టింగులన్నీ నొక్కేశాను. రంగులు ఎక్కువ వస్తాయంటే అదీ పెట్టాను."

"ఆ ఫొటో ఉన్న కెమెరా కార్డు ఉందా?"

"కెమెరా పెట్టెలోనే ఉంటుంది. ఇప్పుడు అదంతా ఎందుకు?"

"మీకెందుకో చెప్తే మీరు ఏం చేస్తారు గనక!" అని కార్డు తీసుకుని ల్యాబుకి వెళ్ళింది.

బూడిదరంగు గదిలో కూర్చుని ఫొటో తెరిచింది. కార్డులో చీటీ భద్రంగా ఉంది, పెద్ద కొలతే. ఊడింది షాపువాడి చేతిలోనన్నమాట. అచ్చేసే కాగితానికి తగ్గట్టు కొలత మార్చింది, అంతే, ఇంకో మీట ముట్టుకోలేదు. ముట్టుకుంటే రేపు మాట పడాలి. గోడ సున్నం తెల్లబడింది. ఆకులు బతికాయి. గులాబీ స్వెటర్ కాస్తా దానిమ్మగింజ ఎరుపైంది. మొహం నిగనిగలాడే నేరేడుపండు రంగు, అచ్చం పిల్ల మొహమే. ఆ నవ్వు ఇన్నాళ్ళూ రోజూ చూసిందే, అయినా ఈవిడకి అప్పుడే ఎవరో ఆ మనిషిని పరిచయం చేసినట్టయింది. "అమ్మా తల్లీ, నిన్నేం చేశారే వీళ్ళు!" అంది స్క్రీనుతో. ఆ రోజు పక్కగదివాళ్ళకి ఒక్క ఛీ కూడా వినపడలేదట.

అచ్చేసిన ఫొటో తెచ్చి హాల్లో బల్ల మీద పరిచింది. అత్తగారు కుర్చీలోంచి ముందుకి వంగి చూసి, గుండెలు బాదుకుంది.

"అయ్యో అయ్యో! చచ్చి ఏ లోకాన ఉందో, దాన్ని కూడా వదల్లేదుటే నువ్వు! బంగారంలాంటి పిల్లని బొగ్గు చేసేశావు! ల్యాబులో నేర్చుకున్న విద్య ఇదేనా?"

"నేను ఏమీ చెయ్యలేదు అత్తయ్యా. పాతదే తప్పు."

"నోర్ముయ్! నా పెద్దకోడలు నాకు తెలీదా?"

పిల్ల మాత్రం ఫొటో మీదకి వంగి అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "నానమ్మా, నీ స్వెటర్ ఏదీ, ఇటు తిరుగు" అంది.

అత్తగారి ఒంటి మీద స్వెటర్ ఉంది. ప్రతి చలికాలం వేసుకునేదే. పెద్దకోడలిది, మంచి ఊలు, పారెయ్యడం ఎందుకని ఉంచుకుంది. దానిమ్మగింజ ఎరుపు. బొత్తాలన్నీ తెల్లవి, మెడ దగ్గరది మాత్రం నల్లది. ఒకటి ఊడిపోతే దొరికింది కుట్టిన బొత్తం. పిల్ల ఫొటోని తీసి నానమ్మ మెడ పక్కన పెట్టింది. అదే ఎరుపు, అదే బొత్తం. తర్వాత గోడ మీది పటం చూసింది. అక్కడా మెడ దగ్గర నల్లబొత్తమే, స్వెటర్ మాత్రం గులాబీ. ఇన్నేళ్ళూ ఆ స్వెటర్ వేసుకుని ఆ పటం కింద కూర్చుని, ఆ మహాతల్లి రెండూ ఒకటే అని గమనించలేదు!

అత్తగారు కిందకి చూసుకుంది, పైకి చూసింది, మళ్ళీ కిందకి చూసుకుంది.

"సరే, స్వెటర్ ఎరుపే" అంది చివరికి. "మొహం మాత్రం తెలుపే!"

ఛీ అని గొంతుదాకా వచ్చింది ఈవిడకి. అంతలో గుమ్మం దగ్గర నిలబడి నీళ్ళు నములుతున్న భర్త నోరు విప్పాడు.

"తెలుపు కాదమ్మా. నల్లగానే ఉండేది. ఈ కాకిపిల్లని ఎక్కడ పట్టుకొచ్చావురా అని నువ్వే కదా అనేదానివి. అది వంటింట్లో కూర్చుని ఏడ్చేది."

అత్తగారు స్వెటర్ అంచు లాక్కుంటూ కూర్చుంది. ఈవిడ భర్తవైపు తిరిగింది.

"అంటే మీకు తెలుసు. ఈ పిల్ల మొహం కాల్చుకునేదాకా తెలిసే ఊరుకున్నారు!"

"ఆ పటం వచ్చినప్పటినుంచీ అమ్మ దాన్ని మెచ్చుకోవడం మొదలెట్టింది. బతికుండగా ఒక్క మంచిమాట కూడా అనలేదు. పోనీ ఇప్పుడైనా అంటోంది కదా అని..."

"ఛీ!" అంది ఆవిడ. అన్నేళ్ళు అన్నంతో మింగినవన్నీ కలిపి ఒక్కసారే అంది.

పిల్ల కుర్చీ లాక్కుని ఎక్కి పటం దింపింది. దాన్ని నానమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఉన్నప్పుడు నల్లగా ఉందని అమ్మని ఏడిపించావు. పోయాక తెల్లగా ఉందని నన్ను ఏడిపించావు. ఛీ నానమ్మా!"

ఆ ఛీ అచ్చం ల్యాబులో వినపడే ఛీయే. అదే విసురు, చివర్లో అదే మూతివిరుపు. అత్తగారు ఉలిక్కిపడి కోడలి వంక చూసింది, మనవరాలి వంక చూసింది. పటం ఒళ్ళో పెట్టుకుని, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో, "ఎవరి పోలికా ఎవరి పోలికా అనుకున్నాను ఇన్నాళ్ళూ. అంతా పిన్ని పోలికే!" అంది.