మేస్త్రి లేని ఆయుధ పూజ

మా మేస్త్రి పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. దసరాకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. దుఃఖం కంటే ముందు నాకు భయం వేసింది. ఆయుధ పూజ రోజు పూజారి వెనక ఇంకెవరు నిలబడతారు? చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

ఆదోని దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లులో నేను కూలీల హాజరు రాస్తాను. పత్తి నుంచి గింజలు వేరుచేసే చోట మీరెప్పుడైనా నిలబడ్డారో లేదో, అక్కడ గాలి నిండా పత్తి నూగే. దూలాల మీద, వైర్ల మీద, మన కనురెప్పల మీద కూడా అదే. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ కోసమే మేస్త్రి ఏళ్ళ తరబడి కాపు కాశాడు.

గేటు దగ్గర జేబులు తడిమి అగ్గిపెట్టెలు లాక్కునేవాడు. ఇసుక బకెట్లో వక్కాకు ఉమ్మిన హమాలీని పట్టుకుని, "నిప్పంటుకుంటే నీ ఉమ్ముతో ఆర్పుతావేమప్పా?" అన్నాడొకసారి. మిల్లంతా నవ్వింది, ఆయన మాత్రం నవ్వలేదు. వెనక తలుపుకు అడ్డంగా పత్తి బేళ్ళు పేర్చిన రోజు, అవి తీయించేదాకా అన్నం ముట్టలేదు. నా ఫోన్ ఛార్జరు కూడా పీకేసేవాడు. "ఇంటికాడ పెట్టుకో పాపా, ఈడ వద్దు" అనేవాడు. ఇదేం చాదస్తం అని విసుక్కునేదాన్ని.

ఆయన మాట చెల్లనిది ఒక్కచోటే. ఆయుధ పూజనాడు ఆ నూగు మధ్యనే, బేళ్ళు కట్టే ప్రెస్సు ముందర కర్పూర హారతి ఇచ్చేవాళ్ళు. ఆయనేమో చర్చికి పోయే మనిషి. ఒక ఏడు ఓనరుతో మెల్లగా అన్నాడు.

"సారూ, పూజ వద్దనడంల్యా. హారతి బయట ఇద్దాం. దేవుడు బయటికి గూడా వస్తాడు. నిప్పు మాత్రం లోపలికి రాగూడదు."

"మా పూజ సంగతి నీకెందుకప్పా? నీ పని నువ్వు చూసుకో."

ఆయన ముఖం చిన్నబోయింది. మళ్ళీ అడగలేదు. ఏటా తడి గోనెసంచి పట్టుకుని పూజారి వెనక నిలబడేవాడు. అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంటే ఆయనొక్కడే రెప్ప వాల్చేవాడు కాదు.

పోయిన ఏడు పళ్ళెంలోంచి వెలుగుతున్న కర్పూరం బిళ్ళ జారింది. నేల మీది నూగు భగ్గుమంది. ఆ వెలుగుకు కళ్ళు తెరిచిన నేను అరిచేలోపు మేస్త్రి గోనెసంచి దాని మీద పడింది. ఓనరు కళ్ళు తెరిచేసరికి అంతా మామూలే. తర్వాత "ఓనరుకు చెప్పు మేస్త్రీ" అన్నాను.

"నేను చెప్తే మతం మాట అనుకుంటారు పాపా. నువ్వు చెప్పు."

నేను చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆ పిరికితనం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఈసారి పూజారి వెనక ఎవరూ లేరు. పూజారి అగ్గిపుల్ల గీయబోతున్నాడు. "ఆగండి సామీ!" అని అరిచేశాను. "పోయినేడు ఈడ కర్పూరం పడింది సారూ, నూగంటుకుంది. మేస్త్రి ఆర్పకుంటే మనమెవరం మిగిలేవాళ్ళం కాదు."

ఓనరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవురూ చూడంది నువ్వొక్కదానివే చూసినావా?"

పూజారి అగ్గిపెట్టె దించాడు. "నేనూ చూసినా సారూ," అన్నాడు తల వంచుకుని. "నా పంచె అంచు గూడా కాలింది."

ఓనరు నేల మీది నూగు వంక చూశాడు. చివరికి తనే పళ్ళెం అందుకుని బయటికి నడిచాడు.

బయట గాలి ఎక్కువగా ఉంది. కర్పూరం రెండుసార్లు ఆరిపోయింది. ఒక్కరూ అపశకునం అనలేదు. మూడోసారి అంటుకునేదాకా అందరం గాలికి అడ్డంగా, ఆ ఎండలో అలాగే నిలబడ్డాం.