మూలది జర సూడు

దయ్యాల ముచ్చట వస్తే నవ్వి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. కంటితో చూసింది, తూకం వేసింది తప్ప ఇంకోటి రాయకూడని ఉద్యోగం నాది. అందుకే ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

జీడిమెట్లలో ఒక ల్యాబ్‌లో ఎలుకలను చూసుకుంటాను. ఉండేది మాదాపూర్ హాస్టల్‌లో. రూమ్మేట్లు సాఫ్ట్‌వేర్ పిల్లలు. నేను లేచేసరికి వాళ్లు పడుకుంటారు. కొన్ని ఆదివారాలు నేను మాట్లాడేది ఎలుకలతోనే.

ఆ మధ్య ఒక మూలికల టీ పరీక్షకు వచ్చింది. వికారాబాద్ దగ్గర నర్సవ్వ అనే ముసలామె, వాళ్ల అత్త నేర్పితే కాచే టీ. ఒక కంపెనీ దాన్ని ఐటీ ఆఫీసుల్లో అమ్మాలనుకుంది. ముందు ఎలుకలకు రోజూ తాగించి, హాని లేదని తేల్చాలి. కంపెనీవాళ్లు నర్సవ్వను ఒకసారి తీసుకొచ్చి, కారిడార్‌లో నిలబెట్టి అద్దంలోంచి ఎలుకలను చూపించారు.

"నా చాయ్ తాగి ఎవ్వలూ సావలే బిడ్డా," అంది నాతో.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం డ్యూటీలో ఒక్కణ్నే ఉన్నాను. తూకాలు రాసుకుంటుంటే వెనక నుంచి వినిపించింది: "ఆ మూలది జర సూడు బిడ్డా."

తిరిగాను. అద్దం అవతల నర్సవ్వ.

మూల కేజ్‌లో ఉన్నది అన్నిటికంటే ఎక్కువ టీ తాగించే ఎలుక. వెంట్రుకలు లేచి, ముడుచుకుని పడి ఉంది. సీసా నిండా నీళ్లున్నాయి గానీ గొట్టం మూసుకుపోయి చుక్క రావడం లేదు. ఇంకో పూటైతే చచ్చేది. నింద టీ మీద పడేది.

వేరే సీసా పెట్టాను. ఆగకుండా తాగింది. తలెత్తితే కారిడార్ ఖాళీ. పొద్దున్నుంచి ఎవరూ రాలేదన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న. ఆ అద్దం దాటి మాట వినిపించదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫైల్లో నంబరు చూసి ఫోన్ చేశాను. ఊళ్లోనే ఉంది, వెనక కోళ్ల అరుపులు. నేను పేరు చెప్పానంతే.

"నీళ్లు తాగిందా బిడ్డా?" అంది.

"తాగిందవ్వా," అన్నాను. ఫోన్ పెట్టేశాను.

రిజిస్టర్‌లో గొట్టం మూసుకుపోయిందని రాశాను. ఎవరు చెప్తే చూశానో రాయలేదు.

పరీక్ష అయిపోయాక ఎలుకలన్నిటినీ చంపి లోపలి అవయవాలు చూస్తారు. దాన్నీ నా చేతులతోనే తీసుకెళ్లాను. కాలేయం బాగుంది. టీతో హాని కనబడలేదని రిపోర్టు వెళ్లింది.

ఆమెకు ఎలా తెలిసిందో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు. పోయిన వారం ఆమె నంబరు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. ఎలుక ఎట్లుందని అడిగితే ఏం చెప్పను?