మొదటి గాజు

ఆ పెళ్లికి పిలుపు వచ్చిన రోజే నా మనసు కీడు శంకించింది. పిలవడానికి వచ్చింది పరాయి మనిషేం కాదు, పక్కింటి ఆవిడ. ఇబ్రహీంపట్నంలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఎప్పుడొచ్చినా తిన్నగా వంటింటి గడప మీద కూర్చొని “చాయ్ పెట్టక్కా” అనే మనిషి, ఆ రోజు గేటు దగ్గరే నిలబడిపోయింది. చెప్పులు కూడా విడవలేదు.

“బిడ్డను పెండ్లిపిల్లను చేసేనాడు పెండ్లికొడుకోల్ల ఆడోల్లు చీరె పట్టుకొని వస్తున్నరు. గాజులు నువ్వే ఎయ్యాలె” అంది.

“నేను గాక ఇంకెవలు ఏస్తరే?” అన్నాను.

“గదే అక్కా. గని జర... బుర్ఖా లేకుంట రా. ఏమనుకోకు. ఆల్లది తుక్కుగూడ, కొత్త కాలనీల ఉంటరు. ఆల్లు వేరే తీర్గ.”

“వేరే తీర్గంటె?”

“నీకు తెల్వదా ఏంది” అని కళ్లు పక్కకు తిప్పుకుంది. మంచి సంబంధం, పిల్లవాడు ఇష్టపడి చేసుకుంటున్నాడు, చిన్న మాటకు చెడిపోతే బిడ్డ బతుకేం గావాలె అని తనే చెప్పుకుంటూ పోయింది. నేను సరేనన్నాను. ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. దాని పెళ్లికి నేను గాజులు వేయకపోవడం అనే మాటే నా ఊహకు అందలేదు.

గాజుల పని మా అమ్మ నుంచి నాకు వచ్చింది. రంగురంగుల గాజులు తాళ్లకు గుచ్చి కట్టిన మలారం భుజాన వేసుకొని, అమ్మ కందుకూరు దాకా ఊళ్లు తిరిగేది. మా వైపు పెళ్లింట్లో గాజులావిడ కూర్చోనిదే పని మొదలు కాదు. ఇంటిల్లిపాది ఆడవాళ్లూ వరసగా వచ్చి చేతులిస్తారు. ఒక్కసారి వేసుకున్న గాజులు పెళ్లి ముగిసేదాకా తియ్యకూడదు, చిట్లనివ్వకూడదు. తీస్తే కీడని అందరి భయం. తొడిగేటప్పుడు బొటనవేలి మొదలు నొక్కి, నాలుగు వేళ్లూ ముడిచి పట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషిని మాటల్లో పెట్టాలి. మాటల్లో పడితే చెయ్యి తనంతట తానే వదులవుతుంది. బిగుసుకున్న చేతి మీద గాజు నిలవదు. ఇక ప్రతి చేతికీ మొదటి గాజు మెటికలు దాటేటప్పుడు అమ్మ మెల్లగా “బిస్మిల్లా” అనేది. నేనూ అంటాను. అల్లా పేరున మొదలుపెట్టడం, అంతే. గౌడులిళ్లలో, రెడ్లిళ్లలో, చర్చికి పోయేవాళ్లిళ్లలో, ఎక్కడ వేసినా అన్నాం. ఎవరూ ఇదేమిటని అడగలేదు.

పక్కింటి పిల్ల అయితే ఆ మాటను గాజు తొడగడానికే పేరనుకునేది. చిన్నప్పుడు బొమ్మ చేతికి రబ్బరు గాజు ఎక్కించి, “బిస్మిల్లా అయిపోయింది పెద్దమ్మా!” అని గోడ మీది నుంచి అరిచేది. వాళ్లమ్మ పొట్ట పట్టుకొని నవ్వేది.

బుర్ఖా సంగతి కూడా చెప్పాలి. మా అమ్మకు బుర్ఖా లేదు. చీర బిగించి కలుపు తీసిన మనిషి. చార్మినార్ దగ్గరి గాజుల గల్లీకి సరుకు కోసం బస్సులో తిరగడం మొదలుపెట్టాక నాకు నేనే కొనుక్కున్నాను. లోపలి చీరకు పసుపు మరకలున్నా ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు, మీద పడే చూపులూ కొన్ని తగ్గాయి. తర్వాత నమాజు అలవాటు గట్టిపడింది, బుర్ఖా కూడా నాదైపోయింది. అందులో దేవుడి వంతు ఎంతో, నా వంతు ఎంతో ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. మా ఆయన వంతు మాత్రం లేదు. మొదటి రోజు నన్ను చూసి “ఎవలు గావాలమ్మా?” అని ఆటపట్టించాడు.

ఈ మాట చెబితే నమ్మేవాళ్లు తక్కువ. నాదర్‌గుల్ వైపు కొత్త కాలనీల నుంచి నా దుకాణానికి వచ్చే చదువుకున్న అమ్మాయిలు నా మీద తెగ జాలిపడతారు. “మీ ఆయన దుకాణంలో కూర్చోనిస్తాడా ఆంటీ?” అంటారు. దుకాణం నాదే. పొద్దున షట్టరు ఎత్తి పెట్టి పొమ్మని ఆయన్ని పురమాయించేదీ నేనే. “మీరు తెలుగు ఎంత మంచిగా మాట్లాడతారో!” అని ఒకామె ఆశ్చర్యపోయింది. తెలుగు రాకపోతే నీ చెయ్యి పట్టుకొని ఏ భాషలో మాటల్లో పెట్టేదాన్నమ్మా అని నోటిదాకా వచ్చి ఆగింది. మా వాళ్లలోనూ తక్కువేం లేరు. హిందువుల పెళ్లిళ్లకు పోయి పసుపు చేతులు పట్టుకోవడమేమిటని ఒక పెద్దాయన ఇంటికొచ్చి గొణిగాడు. ఆయనకు చాయ్ ఇచ్చి పంపాను, పని మానలేదు. ఇందరు నా గురించి ఇన్ని చెబుతారు గానీ, నాకు తెలిసింది ఒక్కటే. నేను గాజులు తొడిగే మనిషిని. ఎంత బిగువు చెయ్యినైనా వదులు చేస్తాను.

చెప్పిన రోజున పండక్కి కట్టుకునే చీర కట్టుకొని, బుర్ఖా మడిచి సంచిలో పెట్టుకొని పోయాను. నాలుగడుగుల దూరమే. ఆ నాలుగడుగులూ ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టే ఉంది. గడప దగ్గర పక్కింటావిడ వచ్చిన ఆడవాళ్లందరికీ బొట్టు పెడుతోంది. నాకు మాత్రం ఎప్పుడూ బొట్టు బదులు చేతిలో మల్లెపూలు పెట్టి లోపలికి రమ్మనేది. ఈసారి వెనకే పెళ్లికొడుకు తల్లి నిలబడి ఉంది. కుంకుమ అంటిన వేలు నా నుదుటి ముందు ఒక్క క్షణం ఆగింది. పక్కింటావిడ కళ్లు నన్ను బతిమాలాయి. నేను కదలలేదు. వేలు నుదుటికి తగిలింది.

పెళ్లికూతురికి నలుగు పెట్టి స్నానం చేయిస్తున్నారు. అది వచ్చేదాకా చుట్టాల చేతులు చూడాలి. ముందు పెళ్లికొడుకు తల్లి కూర్చుంది. తెల్లటి, పుష్టిగా ఉన్న చెయ్యి. మొదటి గాజు మెటికల దగ్గరికి వచ్చేసరికి అమ్మ మాట అలవాటుగా పెదాల మీదికి వచ్చింది. మింగేశాను. గాజు ‘టిక్’ మని చిట్లి ముక్క చాప మీద పడింది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఆ ముక్క వైపే చూశారు. పెళ్లింట్లో, అందులోనూ అత్తగారి చేతి మీద, మొదటి గాజే చిట్లడం. పెళ్లికొడుకు తల్లి మొహం నల్లబడింది. ఇన్నేళ్లలో మొదటి గాజు నా చేతిలో ఎప్పుడూ చిట్లలేదు.

“ఏం గాదక్కా, చెయ్యి బిగుసుకున్నది. జర మాట్లాడుకుంట కూసో” అన్నాను. నా పనితనం నాకే ఉరి అవుతుందని అప్పుడు తెలియదు. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది.

“నీ చేతులు మస్తు మెత్తగున్నయక్కా. మా దిక్కు గాజులోల్లంత తురుకోల్లే. ఆల్లకు చెయ్యి ఇయ్యాల్నంటెనే భయమైతది” అంది. చెయ్యి కొంచెం వదులైంది. రెండో గాజు ఎక్కింది.

“పాపం, ఆల్ల ఆడోల్లను ఇంట్లకెల్లి బయటికే రానియ్యరట. మూడుసార్లు తలాక్ చెప్పి ఎల్లగొడ్తరట. నల్లబట్ట కప్పి కూసోబెడ్తరు, ఏం తెలివుంటది ఆల్లకు?” ఆమె గొంతులో నిజమైన జాలే ఉంది. అదే నాకు ఎక్కువ కాలింది. నా మొహానికి జానెడు దూరంలో కూర్చొని, నా చేతిలో చెయ్యి పెట్టి, నా మీద జాలిపడుతోంది. మూడో గాజు, నాలుగో గాజు సులువుగా దాటాయి.

ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో మాట అంది. “మా కాలనీ వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు. ఆల్ల దుకాన్లల్ల ఏం కొనొద్దట. మా చిన్నోడు చెప్తుండు, ఎక్కడెక్కడ ఉన్నయో ఫోటోలు దీసి పెట్టుకుంటున్నరట. ఈ ఇబ్రహీంపట్నంల గూడ జూస్తున్నరు. ఇగ ఎక్కువ రోజులుండయ్‌లే.”

వంటలకు నూనె ఏది వాడాలో చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నా దుకాణం చౌరస్తాకు దగ్గరే. కిందటి వారం ఇద్దరు కుర్రవాళ్లు బండి ఆపి బోర్డు ఫోటో తీసుకున్నారు. కొత్తగా వేసిన రంగులు నచ్చాయేమో అనుకొని నేను నవ్వాను కూడా. వాళ్లెందుకు తీశారో ఇప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి పూర్తిగా వదులైపోయింది. మిగతా గాజులన్నీ నీళ్లలా జారిపోయాయి.

పెళ్లికూతురు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పసుపు వాసన, తడి జుట్టు. కుడి చెయ్యి చాపింది. బొటనవేలి మొదలు నొక్కి గాజు ఎక్కించాను, నోరు మూసుకొనే ఉన్నాను. గాజు మెటికల మీద ఆగింది. పిల్ల ఎదురుచూసింది. దాని చేతికి ఆ మాట లేకుండా గాజు ఎక్కిన రోజు లేదు. నా మొహంలోకి చూసి, నేను మరిచిపోయాననుకుందేమో, చిన్నప్పటిలాగే తనే గట్టిగా అనేసింది.

“బిస్మిల్లా!”

గాజు దాటి మణికట్టు మీద పడింది.

“ఏమన్నవ్ బిడ్డా?” పెళ్లికొడుకు తల్లి మెల్లగా అడిగింది.

పిల్ల మొహంలో రంగు పోయింది. గుమ్మంలో చాటలో బియ్యం పట్టుకొని నిలబడ్డ వాళ్లమ్మ “టీవీల ఇన్నదో ఏందో వదినా, పిచ్చిది” అంది. ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బుర్ఖా తీశాను, బొట్టు పెట్టించుకున్నాను, ఇంతసేపూ విన్నాను. అమ్మ మాటను టీవీ నెత్తిన వేస్తుంటే మాత్రం ఊరుకోలేకపోయాను.

“టీవీ గాదు. నేనే నేర్పిన” అన్నాను. “మేం ముస్లింలం. ఎవలకు ఏసినా గట్లనే అని ఏస్త. ఇయ్యాల నీకొక్కదానికే అనకుంట ఏసిన. గందుకే పలిగినట్టున్నది.”

ఆమె చెయ్యి చప్పున తన గాజుల మీదికి పోయింది. తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు. కొడుకు పెళ్లికి వేసుకున్న గాజులు తియ్యడానికి ఏ తల్లికీ ధైర్యం చాలదు. కొంగు లాగి రెండు చేతులూ కప్పుకుంది. అరిచి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆమె నా వైపు చూడనే లేదు, కోడలి వైపే చూసింది.

“మా ఇంట్ల ఆ మాట నడువది బిడ్డా” అంది. గొంతు మెత్తగానే ఉంది.

నా చేతిలోని పిల్ల చెయ్యి బిగుసుకుపోయింది. మిగతా గాజులు ఎలా ఎక్కించానో నాకు తెలియదు. గాజులు వేసినందుకు చాటలో బియ్యం, రవికగుడ్డ ఇచ్చేటప్పుడు పక్కింటావిడ నా మొహం చూడలేదు. నేను గడప దగ్గరే సంచిలోంచి బుర్ఖా తీసి, అందరూ చూస్తుండగా వేసుకొని వచ్చేశాను. ఇంట్లో మా ఆయన నా నుదుటి మీది కుంకుమ చూశాడు. సంగతి విన్నాక “ఎవలు తియ్యమన్నరు నిన్ను?” అని మాత్రం అడిగాడు. అప్పుడు తట్టింది నాకు. ఈ బుర్ఖా వేసుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. తియ్యమని మాత్రం చెప్పారు.

పెళ్లి జరిగింది. బాజాలు గోడ ఇవతలికి వినిపించాయి. ఆ తర్వాత కాలనీల అమ్మాయిలు దుకాణానికి రావడం పలచబడింది. జాలిపడేవాళ్లు కూడా రాకపోతే ఇంత బెంగగా ఉంటుందని అనుకోలేదు. బండి మీద కుర్రవాళ్లు మాత్రం మళ్లీ వచ్చారు. ఈసారి ఫోటో తియ్యలేదు, రోడ్డవతల నిలబడి ఊరికే చూసి పోయారు.

మొన్న మధ్యాహ్నం ఒక స్కూటీ వచ్చి ఆగింది. దిగిన అమ్మాయి, దుమ్ముకు ఆడపిల్లలు కట్టుకున్నట్టే, చున్నీతో మొహమంతా చుట్టుకుంది, కళ్లొక్కటే కనిపిస్తున్నాయి. లోపలికి వచ్చి షట్టరు సగం దించేదాకా ఆ చున్నీ విప్పలేదు. పక్కింటి పిల్ల.

“అత్తమ్మ కందుకూరు పోయింది. జల్ది పోవాలె పెద్దమ్మా” అంది. కడుపుతో ఉంది. సీమంతం అత్తగారింట్లోనే చేసి, ఇంకెవరితోనో గాజులు వేయించారట. మణికట్టు చుట్టూ ఆ గాజులు గీసుకున్న గీతలు పడి ఉన్నాయి.

“నువ్వు ఒక్క జత ఎయ్యి. ఇవ్వే రంగుల. అట్లయితె అత్తమ్మకు తెల్వది” అంది.

అదే ఎరుపు వెతికి తీశాను. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. కర్రలా ఉంది. మాటల్లో పెడదామని “మంచిగ తింటున్నవా?” అని అడిగాను. తల ఊపింది. “మీ ఆయన మంచిగ జూస్తుండా?” అన్నాను. మళ్లీ తల ఊపింది. గోడ మీది నుంచి అరిచిన పిల్ల, నోరు విప్పడం లేదు.

గాజు మెటికల దాకా వచ్చింది.

“అను పెద్దమ్మా. కడుపుల బిడ్డకు మంచిదిగద” అంది.

నేను సగం దించిన షట్టరు కింద నుంచి రోడ్డు వైపు చూశాను. ఒక బండి చక్రాలు, రెండు జతల బూట్లు కనిపించాయి. అవి నా దుకాణం వైపే తిరిగి ఉన్నాయో, ఊరికే ఆగి ఉన్నాయో తెలియలేదు. అమ్మ ఊళ్లన్నీ తిరిగి అన్న మాటను, నా సొంత దుకాణంలో నేను పెదాల లోపలే అన్నాను. గాజు దాటింది.

“అన్నవా?” అని అడిగింది.

“అన్న బిడ్డా” అన్నాను. రెండో గాజు కూడా ఎక్కించి, చెయ్యి కాసేపు అలాగే పట్టుకున్నాను. అది వదులు కాలేదు.