చేతిలో చిప్పు, తీసేదానికి లెటరు

"మీ ఆయన అలగు గుచ్చుకుంటే మొక్కు తీరినాక తీసేసినాడు గదక్కా. ఇది ఎప్పుడు తీస్తారు?" అని ఎస్తేరు అడిగింది.

"నీకు నోరెక్కువ. చేతులు చాపు" అన్నాను నేను.

చాపింది. తడిమి చూసి పంపించినాను. ఆ పొద్దు తరవాత మేమిద్దరం మాట్లాడుకోలేదు.

తిరువళ్ళూరు దాటినాక ఉండే ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల ఫ్యాక్టరీలో నేను లేడీ గార్డుగా పనిచేసినాను. మాది తిరుత్తణి పక్కన కే.జీ.కండిగై. మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయన పొయినాక ఈ పనిలో చేరినాను. గార్డుకు జీతమిచ్చేది ఏజెన్సీ, పని చెప్పేది ఫ్యాక్టరీ. చేరినప్పుడు ఉట్టి గార్డును, కడాకు ఆడోళ్ళ గేటుకు హెడ్ గార్డును. ఈ సంగతి నేను రిటైరయ్యేదానికి రెండేండ్ల ముందు, ఆడి నెలలో, అదే ఆషాడంలో, మొదలైంది.

నాకు సంతకం పెట్టేది, అంకెలు రాసేది వచ్చు. గేటు పనికి అది చాలు. ఒక్కొక్కరికి ఒక టోకెన్ నెంబరు ఉంటాది. నెంబరు చెప్తే నాకు మొగం కండ్ల ముందుకొస్తాది, మొగం చూస్తే నెంబరు.

మా ఫ్యాక్టరీలో దుమ్ము పడకూడని గది ఒకటి ఉండాది. దాన్ని క్లీన్ రూమ్ అంటారు. దాంట్లోకి పోవాలంటే గాజులు తీసి లాకర్లో పెట్టాల. ముక్కుపుడకకి, తాళిబిళ్ళకి టేపు చుట్టుకోవాల. మింద తెల్ల గౌను, టోపీ, గ్లౌజు. గౌను ఏసుకునే ముందు నేను తడిమి చూడాల. ఆడదాన్ని ఆడదే తడమాల, తడమకుండా ఎవురూ లోపలికి పోకూడదు. ఇది రూలు. ఈ రూలు సంగతి మళ్ళా వస్తాది.

రూలు బుక్కులో లేనిది ఇంకొకటి ఉండాది. తడిమే చెయ్యికి చానా తెలుస్తాది. ఎవురి వీపు మింద వాతలున్నాయో తెలుస్తాది. ఎవురికి నెల తప్పిందో తెలుస్తాది. ఇనుము పట్టే మిషను తిప్పేటప్పుడు ఎవురన్నా కడుపుకి చెయ్యి అడ్డం పెడితే, నేను మిషను పక్కకి తీసేస్తాను. ఆమె చెప్పదు, నేను అడగను. మా పక్క మూడో నెల నిండిందాకా ఆ మాట బయట చెప్పరు. అట్ట ఎంతమందివి నా కడుపులో దాచుకున్నానో నాకే లెక్క లేదు.

ఆ ఆడి నెలలో హెచ్ఆర్ సారు మీటింగు పెట్టినాడు. కార్డు లోపలికి తెస్తే దుమ్ము, వేలిముద్ర పెట్టాలంటే గ్లౌజు అడ్డం. అందుకని బియ్యంగింజంత చిప్పు బొటనవేలికి చూపుడువేలికి నడాన తోలు కింద పెడతారంట. గ్లౌజు ఏసుకున్నా చెయ్యి చూపిస్తే తలుపు తెరుచుకుంటాదంట. మొదట గార్డులు పెట్టించుకుంటే చూసి మిగతావాళ్ళు ధైర్యం తెచ్చుకుంటారని చెప్పినాడు.

నేనే ముందు పోయి నిలబడినాను. ఫారం ఇచ్చినారు, సంతకం పెట్టినాను. దాంట్లో ఏముందో చదవమని ఎవుర్నీ అడగలేదు. సూది కొంచెం లావు, అంతే. బయటికొచ్చి క్యూలో ఉండే ఆడోళ్ళందరికీ చెయ్యి చూపించినాను. "ఏమే, మా ఆయన ఏటేటా ఆడి కిరుత్తిగకి కావడెత్తి, దవడలో ఈ పక్కనుంచి ఆ పక్కకి ఇనపకడ్డీ అలగు గుచ్చుకుని తిరుత్తణి కొండెక్కినాడు. మీరు గింజకి బయపడతారా?" అని కేక పెట్టినాను. నా గొంతు గేటు కాడ అరిచి అరిచి బొంగురుపొయింది గానీ, ఊరంతా వినిపిస్తాది. సగం మంది నవ్వినారు. నేత కులం ముసలామె ఒకతి "చచ్చినాక నన్ను కాలిస్తే, దీనికోసం కంపెనీవాళ్ళు బూడిదలో వెతుక్కుంటారా?" అని అడిగింది. అడిగి, తనే పోయి పెట్టించుకుంది.

ఎస్తేరు మాత్రం రాలేదు. ఆమె పన్నెండేండ్లు ఆ లైన్లో పనిచేసింది. మొగుడు లేడు, ఇద్దరు ఆడబిడ్డలు. ఆమె జీతంతోనే ఇల్లు గడిచేది. కడ దినాల్లో కుడిచేతి మిందనో నుదుటి మిందనో ఒక ముద్ర ఏయించుకోమంటారని, ఏయించుకున్నోళ్ళు దేవుడికి దూరమైపోతారని వాళ్ళ గ్రంథంలో ఉండాదంట. ఇది ఆ ముద్రో కాదో తనకి తెలియదంట, తెలియనప్పుడు ఏయించుకోనంటాది.

"సరి, ఎడమచేతికి ఏస్తాం" అన్నాడు హెచ్ఆర్ సారు. ఆయన నిజంగానే సాయం చేస్తావున్నా అనుకున్నాడు.

"ఏసయ్యతో బేరమాడేదానికి నేను సంతకి రాలేదు సార్" అనింది.

సారు నన్ను పిలిచినాడు. ఒక్క ఎస్తేరుకి మాత్రం చిప్పు లేకుండా, రిజిస్టర్లో నెంబరు, టైము రాసి లోపలికి పంపేదానికి అవుతాదా అని అడిగినాడు. అవుతాది. నిమిషం పని. నేను "కాదు సార్, ఒకతిని వదిలితే రేపు అందరూ అడుగుతారు" అన్నాను. నేను పెట్టించుకున్నదాన్ని ఆమె వద్దంటే, నన్ను తక్కువ చేసినట్టు తోచింది. వేరే కారణం లేదు.

నెలాఖరుకి ఎస్తేరుతో రాజీనామా రాయించుకున్నారు. పోయే పొద్దు గేటు కాడ తడిమింది నేనే. మొదట చెప్పిన మాటలు ఆ పొద్దు మాటలే.

తరవాత నెలలో లైన్లోని ఆడోళ్ళ బాత్రూము తలుపుకి కూడా చిప్పు చూసే పెట్టె ఒకటి తగిలించినారు. నేను పట్టించుకోలేదు. ఒక పొద్దు షిఫ్టు ముగిసినాక వళ్ళి అనే పిల్ల గేటు కాడికి ఏడుస్తా వచ్చింది. ఆమెకి ముందు రెండు తూర్లు కడుపు నిలవలేదు. నాలుగు వారాలుగా ఆమె కడుపుకి చెయ్యి అడ్డం పెడతావుంది, నేను మిషను పక్కకి తీస్తావున్నాను. ఆ పొద్దు సూపర్వైజరు లైన్లో అందరి ముందర "ఏమ్మా, ఇన్ని తూర్లు బాత్రూముకి పోతావుండావు, విశేషమా?" అని అడిగినాడంట.

"నా అత్తకి కూడా చెప్పలేదు. నీకొక్కదానికే తెలుసు. నువ్వే చెప్పినావు" అనింది వళ్ళి.

నా సర్వీసులో ఎవురూ నన్ను అట్ట అనలేదు. దొంగతనం అంటగట్టినా అంత మండేది కాదు. నేరుగా హెచ్ఆర్ సారు కాడికి పొయినాను. వళ్ళి సంగతి ఎవురు చెప్పినారో ఇప్పుడే తేలాల అన్నాను. ఆయన కంప్యూటర్ తిప్పి చూపించినాడు. నాకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. వళ్ళి నెంబరు, పక్కన ఆమె బాత్రూముకి పొయిన టైములు, వరసగా కిందికి దిగి ఉండాయి. ఇంకా కిందికి జరిపితే నా నెంబరు కూడా ఉండాది. "నువ్వు కాదమ్మా, ఇది చెప్పింది" అన్నాడు.

నేను చెయ్యి చాపి, దీన్ని తీసేయండి అన్నాను. ఫ్యాక్టరీ డాక్టరు కాడికి పంపినాడు. డాక్టరు తీసేది అయిదు నిమిషాల పనే, కానీ కంపెనీ లెటరు కావాల అన్నాడు. చిప్పు కంపెనీ సొత్తు, నేను సంతకం పెట్టిన ఫారంలోనే రాసుండాదంట. నా చెయ్యి కోసుకునేదానికి ఇంకొకరి పర్మిషను. ఎస్తేరు అడిగిన మాట అప్పుడు అర్తమైంది నాకు.

మర్నాడు పొద్దున షిఫ్టుకి ఆడోళ్ళంతా క్యూలో నిలబడినారు. నేను కుర్చీ ఏసుకుని కూర్చున్నాను. ఎవుర్నీ తడమలేదు. ఆ గేటులో ఇంకొక లేడీ గార్డు ఉండింది, ఆమె నన్ను చూసి తనూ చేతులు కట్టుకుంది. హెచ్ఆర్ సారు పరిగెత్తుకుంటా వచ్చినాడు.

"ఏమ్మా ఇది? లైను ఆగిపోతాది!"

"అంతా ఆ పెట్టెకే తెలుసు గదా సార్. తడమమని దానికే చెప్పండి."

వెనకనుంచి ముసలామె "సార్, మీరు తడిమితే మేం ఒప్పుకోం" అనింది. క్యూ అంతా నవ్వింది. వళ్ళి నవ్వలేదు గానీ, నా పక్కన వచ్చి నిలబడింది.

అర్ధగంటకి పెద్ద మేనేజరు దిగొచ్చినాడు. బాత్రూము తలుపు పెట్టెని మా కండ్ల ముందరే పీకించినాడు. చిప్పు ఇష్టముంటేనే, వద్దన్నోళ్ళకి తీసేస్తాం, లెటరు అక్కరలేదు అన్నాడు. చిప్పు లేనోళ్ళని ఎట్ట లోపలికి పంపేదని హెచ్ఆర్ సారు అడిగితే, రిజిస్టర్లో నెంబరు, టైము నేను రాస్తాను అన్నాను. ఎస్తేరుకి కాదన్న పనే అది. రిటైరయ్యే పొద్దు దాకా రాసినాను, ఒక్క తూరి కూడా లైను ఆలస్యం కాలేదు. వళ్ళికి ఆడబిడ్డ పుట్టింది.

ఎస్తేరుకి ఫోను చేస్తే పోలేదు. పొన్నేరి పక్క ఆమె చెల్లెలింటికి పొయినాను. ఎస్తేరు చెప్పుల ఫ్యాక్టరీలో చేరిందంట, డ్యూటీకి పోయుండింది. చిప్పు లేకుండానే పని మళ్ళా ఇస్తారని చెల్లెలికి చెప్పి వచ్చినాను. రాలేదు. రావాల్సిన పని లేదు.

నేను రిటైరైనప్పుడు సామాన్లు అప్పజెప్పే ఫారం ఇచ్చినారు. విజిలు, టార్చి, బెల్టు, టోపీ, చిప్పు. చిప్పు నేను ఎప్పుడో తీయించుకున్నాను గాబట్టి, దాని ఎదురుగా ముందే టిక్కు పెట్టుండాది. ఈసారి ఒక్కొక్కటి చదివించుకుని, తరవాతే సంతకం పెట్టినాను.

గేటు పనిలో నాకు తెలిసిందేమంటే, ఒంటిలో పెట్టేదాన్ని గురించి నొప్పి ఎంత అని కాదు అడగాల్సింది, తీసేది ఎవురి చేతిలో ఉండాది అని. ఆ మాట ఎస్తేరు అడిగింది, నేను అడగలేదు. పైగా ఆమె పని పోవడంలో నా మాట ఉండాది. అది అట్టనే రాయి.

మా ఆయన తోడబుట్టినామె కూతురు లలిత ఇదంతా రాస్తావుంది. లలితా, పెన్ను పక్కన పెట్టు. మొదట్నుంచి చదివి వినిపించు, నేను విన్నాకే సంతకం.